ఇష్టంగా ఒప్పుకున్న తప్పు

"అవును మేడం. నాకూ రమణికీ సంబంధం ఉండాది. అయితే ఏంది?"

నాగేంద్రబాబు ఆ మాట అనేసి కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాడు. ఉదయగిరిలో అతని ఇంటి వరండా అది. ముప్పై అయిదేళ్ళ మనిషి. నిమ్మతోటలు, పొలాలు, మామగారి వైపు నుంచి కాస్త రాజకీయం, అన్నీ కలిసొచ్చినవాడు.

డిటెక్టివ్ ప్రమీలారాణి అప్పుడే తెరిచిన నోటుబుక్కు మూసేసింది. చుట్టూ తిప్పి తిప్పి గంట తర్వాత రాబట్టాలనుకున్న జవాబును ఆ మనిషి మొదటి ప్రశ్నకే చేతిలో పెట్టేశాడు.

"ఆమె పెళ్ళయిన మనిషి," అంది చివరికి.

"నాకూ అయింది పెళ్ళి. తప్పేంది దాంట్లో? పెద్ద కోర్టే నేరం కాదని కొట్టేసినాది గదా!"

పక్క కుర్చీలో కూర్చున్న కోటేశ్వర్ సన్నగా నవ్వాడు. "పాత చట్టం ఉన్నప్పుడైనా మొగుడే కేసు పెట్టాల మేడం. ఆ సెక్షనూ పాయ, కొత్త చట్టంలో రాయనూ లేదు. ఆ మొగుడూ పాయ. ఇంక మా బాబును ఏమని పట్టుకుంటారు?"

ఈ కోటేశ్వర్‌కు కెమెరా ఎలా దాచాలో, మనిషి వెనక మనిషి ఎంత దూరంలో నడవాలో నేర్పింది ప్రమీలారాణే. నేర్చుకున్నాక నెల్లూరులో ఏసీ ఆఫీసు పెట్టి ఆమె దగ్గరికి వచ్చే పార్టీలనే లాక్కుపోయాడు. ఇప్పుడు నాగేంద్రబాబు తరఫున డిటెక్టివ్ వాడే. ఇంత మంది ఉండగా వీడే దాపురించాలా అనుకుని ఆమె పళ్ళు నూరుకుంది.

ప్రమీలారాణి సామ్రాజ్యం ఆత్మకూరు బస్టాండు వెనక ఒక గది, ఒక బల్ల, ఒక బోర్డు. పోలీసు ఉద్యోగం వదిలి ఆ బోర్డు తగిలించినప్పటి నుంచి దొరికిన కేసులు చాలావరకు మొగుడి మీద పెళ్ళాం, పెళ్ళాం మీద మొగుడు పెట్టించే నిఘాలే. లాడ్జీల ఎదుట టీ బంకుల్లో కాపలా కాసీ కాసీ ఆమెకు కడుపులో పుండు పుట్టింది. ఆ బతుకులో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. ఫోటో తీసి బల్ల మీద పెట్టినా మగవాడు ముందు కాదంటాడు. తర్వాత ఆమె నాకు చెల్లెలి లాంటిదంటాడు. ఆ తర్వాత ఫోటోలో ఉన్నది నేను కాదంటాడు. అడగ్గానే ఇష్టంగా ఒప్పుకున్న మగవాణ్ణి ఆమె చూడటం ఇదే మొదలు.

"ఆదివారం రాత్రి ఏం జరిగిందో మళ్ళీ చెప్పండి."

"ఎన్ని మార్లు చెప్పాల? పెంచలయ్య నా పొలంలో గొర్రెల మంద పెట్టుండాడు. నేనూ వాడి పెళ్ళాం మోటారు షెడ్డులో ఉండాము. వాడు వచ్చి చూసినాడు. ఒక్క మాటా అనలా. వెనక్కి తిరిగి పోయినాడు. నేను ఇంటికొచ్చేసినా. తెల్లారి కూలోళ్ళు చూస్తే పురుగుమందు తాగి సచ్చి పడుండాడు. నాకూ బాధగానే ఉండాది, ఏం చేసేది?"

"షెడ్డు తాళం?"

"నా కాడే ఉంటాది."

"మీ జీపు కనపడదేం?"

నాగేంద్రబాబు కాలు దించాడు. "సర్వీసుకు పోయుండాది. కావలికి."

"ఎప్పుడు?"

"సోమవారం."

"అంటే కూలీలు శవాన్ని చూసిన రోజే."

"శవానికీ సర్వీసుకూ ఏంది మేడం సంబంధం?" అన్నాడు కోటేశ్వర్ మధ్యలో దూరి. "బాబుగారి భార్యకు కూడా సంగతి తెలుసు. రెండు దినాలు ఏడ్చి పుట్టింటికి పోయింది. వస్తాది. దాచేది ఏమీ లేదు కాబట్టే మిమ్మల్ని ఇంట్లోకి రానిచ్చినాము."

నిజమే, దాచేదేమీ లేనట్టే ఉంది. అదే ఆమెను పిచ్చెత్తిస్తోంది. వారపత్రికల్లో ఆమె చదివిన సీరియళ్ళన్నిటిలోనూ ఇదే వరస. గడప దాటిన ఆడది ఆఖరి పేజీకల్లా నుయ్యో గొయ్యో చూసుకుంటుంది. మగవాడు నాలుగు కన్నీటి చుక్కలు రాల్చి పెళ్ళాం దగ్గరికి పోతాడు, చదివేవాళ్ళు కూడా వాణ్ణి క్షమించేస్తారు. పుస్తకం ముట్టని ఊళ్ళకు కూడా ఆ కథ నోటికి వచ్చు. నాగేంద్రబాబు ఒక్క ముక్క అందించేసరికి మిగతాదంతా ఊరే అల్లుకుంది. రంకు బయటపడింది, మొగుడు మందు తాగాడు, అంతే. పోలీసులకు కబురైనా పెట్టకుండా శవాన్ని ఆ పూటే పూడ్చేశారు.

ఊరు అక్కడితో ఆగలేదు. మూడో రోజున కులపెద్దలు కూర్చుని రమణిని పిలిపించారు. ఆరేళ్ళ కూతురు లిఖిత నెత్తిన చెయ్యి పెట్టి, 'నా మొగుణ్ణి తప్ప పరాయి మగాణ్ణి ఎరగను' అని చెప్పి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పమన్నారు. అక్కడ ప్రమాణమంటే అదే. రమణి చెయ్యలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇవాళ శనివారం, సాయంత్రం నాలుగుకు ఆఖరి గడువు. ప్రమాణం జరిగితే బిడ్డ తల్లి దగ్గర ఉంటుంది. జరక్కపోతే బిడ్డను కొండాపురంలో పెంచలయ్య అన్నకు అప్పగించి, రమణిని మర్రిపాడు అవతల ఆమె పుట్టింటికి తోలేస్తారు. ఇక తల్లీబిడ్డల చూపు ఉండదు.

ప్రమీలారాణిని ఈ పనికి పెట్టుకున్నది మాత్రం రమణి కాదు. చచ్చిపోయినవాడి తల్లి మస్తానమ్మ. మొన్న ఆత్మకూరు ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూడా కూర్చోకుండా ఒకటే మాట చెప్పింది. "సోమవారం చీకటుండంగానే గొర్రెలు వాటంతట అవే ఇంటికొచ్చినాయి తల్లీ. నా కొడుకు చచ్చినాడన్న కబురు ఆ తర్వాత వచ్చినాది. వాడెట్టా చచ్చినాడో నువ్వు కనుక్కో." కోడలి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు.

ప్రమీలారాణి లేచింది. "షెడ్డు చూడాలి."

"చూసుకోండి," అన్నాడు నాగేంద్రబాబు. "మా కోటేశ్వర్ తోడు వస్తాడు."

*

పొలం రోడ్డుకు కొంచెం లోపలికి ఉంది. ఒక పక్క నిమ్మతోట, తోట మూలన మోటారు షెడ్డు, షెడ్డుకు కూతవేటు దూరంలో పెంచలయ్య కట్టిన మంద. ఎరువు కోసం రైతులు పొలంలో రాత్రిపూట గొర్రెల్ని నిలిపించుకుంటారు. ఈ రోజుల్లో అందరూ నైలాను వలలు కడుతున్నారు కానీ పెంచలయ్య పాతకాలపు అలవాటు మనిషి, ముళ్ళకంపతోనే చుట్టూ కంచె వేశాడు. గొర్రెలు ఇంటికి చేరిపోయాయి కాబట్టి కంచె ఖాళీగా ఉంది. నేలంతా పెంటిక.

ఆమె ముందు షెడ్డు దగ్గరికి నడిచింది. తలుపుకు పాతకాలపు ఇనప తాళం. తాళంచెవి పెట్టే కంతను కుమ్మరిపురుగు మట్టి గూడుతో పూడ్చేసింది. ఆ మట్టి ఎండి, తెల్లబడి, రాయిలా గట్టిపడి ఉంది. వెనక కిటికీ లేదు, గాలి కోసం వదిలిన చిల్లుల ఇటుకలు తప్ప. ప్రమీలారాణికి ప్రాణం లేచొచ్చింది. ఫోను తీసి దగ్గరగా ఒక ఫోటో తీసింది.

"కోటీ, ఇలా రా. ఈ తాళం తీసి ఎన్నాళ్ళయిందో చెప్పు."

కోటేశ్వర్ వంగి చూశాడు. చూసి, తన బండి తాళంచెవి కంతలో గుచ్చి గిర్రున తిప్పాడు. మట్టి పొడిపొడిగా రాలి కింద పడింది.

"ఎన్నాళ్ళో ఏంది మేడం? ఊడొచ్చేసింది చూడండి. నాలుగు దినాల కింద పెట్టింది అయ్యుంటాది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గులేదురా నీకు? సాక్ష్యాన్ని చేత్తో ముట్టుకోకూడదని నీకు మొదటి రోజు చెప్పిన పాఠం!"

"గుర్తుండాది. అందుకే చేత్తో ముట్టలా," అని నవ్వాడు. "ఫోటో తీసినారుగా, చూపించుకోండి. పురుగు గూడు చూసి మనిషి నడత తేల్చే పెద్దమనుషులు ఉండారేమో ఊళ్ళో అడగండి."

చాచి ఒకటి పీకుదామా అన్నంత కోపం వచ్చింది. పీకితే వాడికే లాభం. ఆమె దిగమింగుకుని మంద వైపు నడిచింది. వాడు నీడలా వెంట వచ్చాడు.

కంచె చుట్టూ ఒకసారి తిరిగింది. ఏమీ కనపడలేదు. విసుగుతో రెండోసారి తిరిగింది. ఎండ మాడు పగలగొడుతోంది. మూడోసారి తిరుగుతూ దారి వైపు ఉన్న మూల దగ్గర ఆగిపోయింది. మూడు వైపులా ఎండిన తుమ్మకంప. దారి వైపు మాత్రం జానెడు మందాన నిమ్మకొమ్మలు. కొట్టినప్పుడు పచ్చివే. ఇప్పుడు ఆకులు వాడి ముడుచుకున్నాయి కానీ ఒక్క ఆకూ రాలలేదు, ఒక్క ఆకూ తెగలేదు.

"కోటీ, మీ తాతలు గొర్రెలు మేపారు కదూ?"

"మేపినారు. అయితే?"

"పచ్చి నిమ్మాకు గొర్రెల మూతి ముందు పెడితే ఏం చేస్తాయి?"

వాడి నవ్వు పోయింది.

"నమిలేస్తాయి," అంది ఆమే. "ఆకుల కోసం కొమ్మల్ని లాగి లాగి తెల్లారేసరికి కంచెను కూలదోస్తాయి. అందుకే పుట్టి బుద్ధెరిగిన కాపరి ఎవడూ పచ్చి నిమ్మకంపతో మంద కట్టడు. పైగా ఈ ఆకుల మీద ఒక్క పన్ను పడలేదు. అంటే ఈ కొమ్మలు పెట్టేటప్పటికి లోపల గొర్రెలే లేవు. గొర్రెలు లేని మందకు కంచె ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు?"

"నాకేం తెలుసు? కూలోళ్ళు..."

"నేను చెబుతాను. సోమవారం చీకటి ఉండగానే గొర్రెలు ఇంటికి చేరాయి. కంచె నిండుగా ఉంటే అవి ఎలా బయటపడ్డాయి? ఈ వైపు తెగింది. సోమవారమే సర్వీసుకు పోయిన మీ బాబు జీపు తెంచింది. తోటలో కొమ్మలు చేతికి అందాయి కాబట్టి అవే కొట్టి తెచ్చి పూడ్చాడు, తెంచినవాడు. గొర్రెల సంగతి తెలియనివాడు. చీకట్లో అదుపు తప్పిందో ఏమో, ఆ జీపు కింద పెంచలయ్య పడ్డాడు. తర్వాత నోట్లో మందు పోశారు."

కోటేశ్వర్ వంగి నిమ్మకొమ్మల్ని ఒక్కొక్కటిగా చూశాడు. వాడు తెలివితక్కువవాడు కాదు. అదే ఆమె బాధ.

"కథ బాగుండాది మేడం," అన్నాడు మెల్లగా. "చూసినవాడు ఎవురు?"

*

మస్తానమ్మ గొర్రెల్ని తోలుకుని గట్టు మీదికి పోయింది. ఇంట్లో రమణి ఒక్కతే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. బిడ్డ గౌన్లు మడత పెడుతోంది. మడత పెట్టిన గౌనునే మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

"షెడ్డు తాళం నెలల తరబడి తీయలేదు. నాగేంద్రబాబు చెప్పింది శుద్ధ అబద్ధమని నాకు తేలిపోయింది," అంది ప్రమీలారాణి ఉత్సాహంగా. "నువ్వు ఆ షెడ్డులోకి పోలేదు. అవునా?"

"ఆ షెడ్డు మొహం నేను చూళ్ళా అక్కా. ఆ మనిషితో ఒక మాట కూడా మాట్లాడి ఎరగను."

"మరి ఆ మాటే ప్రమాణం చేసి చెప్పొచ్చు కదా! బిడ్డ నీ దగ్గర ఉండిపోతుంది."

రమణి గౌను ఒళ్ళో పెట్టుకుంది. "వాళ్ళు చెప్పమనేది ఆ మాట కాదుగదక్కా."

ప్రమీలారాణి ఉత్సాహం చప్పున చల్లారిపోయింది. 'పరాయి మగాణ్ణి ఎరగను.' పెద్దలు అడిగింది అది. నాగేంద్రబాబు పేరు అందులో లేదు.

"ఎవరు?" అంది గొంతు తగ్గించి.

"రాఘవ. మర్రిపాడు. లారీ తోలతాడు." ఆమె తల ఎత్తలేదు. "రెండేళ్ళయింది. తప్పు కాదని నేను అననక్కా. నా మొగుడు మంచోడు. నన్ను ఏనాడూ కొట్టలా, తిట్టలా. నెలకు ఇరవై దినాలు మంద కాడే. ఇంటికొచ్చినా గొర్రెల మాటే. ఇదంతా సాకే. నాకు తెలుసు."

"ఆదివారం రాత్రి?"

"రోడ్డు మలుపు కాడ వాడి లారీలో ఉండాను. దిగతా ఉంటే పొలం దారిలో నుంచి జీపు వచ్చినాది. ఒక లైటే ఎలగతా ఉండాది. రెండోది పగిలిపోయుండాది. ఆ ఒక్క లైటు నా మొహాన పడినాది. నాగేంద్రబాబు బండి ఆపి నన్ను చూసినాడు, లారీని చూసినాడు. ఏమీ అనకుండా పోయినాడు. రాఘవ కూడా ఆయన్ని చూసినాడు."

ప్రమీలారాణి వెతుకుతున్న సాక్షి దొరికాడు. పగిలిన లైటుతో, ఆ పొలం దారిలో నుంచి, ఆ రాత్రి వచ్చిన జీపును కళ్ళారా చూసినవాడు. వాణ్ణి తెచ్చి నిలబెడితే నాగేంద్రబాబు పని అయిపోతుంది. దాంతో పాటే రమణి పనీ అయిపోతుంది. లారీలో ఎవరున్నారు, ఎందుకున్నారు అన్నదే పెద్దలు మొదట అడిగే ప్రశ్న.

"ఫోన్ నంబరు ఇవ్వు."

"ఎత్తడం లేదక్కా. వాడికీ పెళ్ళాం బిడ్డలుండారు."

ప్రమీలారాణికి కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు. ఎవరి మీద వచ్చిందో కూడా తెలియలేదు. "ఒక్క అబద్ధం ఆడలేకపోయావా? కర్పూరం ముక్క ఆర్పి నాలుగు మాటలు అనేస్తే పోయేది! హంతకుడు దర్జాగా తిరుగుతుంటే నువ్వు సత్యం పట్టుకుని వేలాడతావా?"

"బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి అనాలక్కా." రమణి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "మీరైతే పెడతారా?"

ప్రమీలారాణి చెయ్యి చాచి ఒక గౌను తీసుకుని మడత పెట్టసాగింది.

*

పాలకేంద్రం వసారాలో పెద్దలు కూర్చున్నారు. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. మిగతా సగం చెట్ల కింద, అరుగుల మీద చెవులు రిక్కించుకుని ఉన్నారు. నాగేంద్రబాబు రాలేదు. అతని తరఫున కోటేశ్వర్ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పెద్దమనిషి జనార్దనయ్యకు ప్రమీలారాణి ఫోనులో తాళం ఫోటో చూపించింది. నిమ్మకొమ్మల ఫోటోలు చూపించింది. గొర్రెలు ఎలా బయటపడ్డాయో చెప్పింది. ఆయన అంతా శ్రద్ధగానే విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమేనేమోనమ్మా. కంప సంగతి నాకూ అనుమానంగానే ఉండాది. అది పోలీసోళ్ళు చూసుకోవాల. మేము కూసున్నది దానికి కాదు. ఆ పిల్ల నడతకు."

"అయితే ఆ నడతనే సూటిగా అడగండి. నాగేంద్రబాబుతో సంబంధం లేదని ప్రమాణం చేయమనండి. చేస్తుంది."

"ప్రమాణం మాటలు మా అవ్వల కాలం నుంచీ అవే. ఒకడి పేరు పెట్టి అడిగితే రేపు ఇంకొకడి పేరు వస్తాది."

"తల్లి దగ్గర్నుంచి బిడ్డను తీసే హక్కు మీకు చట్టంలో ఎక్కడా లేదు తెలుసా?"

"కోర్టుకు పొమ్మను. ఎవురొద్దన్నారు?" జనార్దనయ్య గొంతులో వెటకారం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. "కోర్టోళ్ళు తప్పు కాదన్నారు. మంచిది. ఆ బిడ్డకు రేపు సంబంధం చూసేటప్పుడు కోర్టోళ్ళు వచ్చి చెప్తారా, మీ అమ్మ తప్పు చేయలేదని? మొగోడి సంగతి అంటావా, వాడు మా కులపోడు కాదు, మా మాట వినడు."

ఆమె ఫోను సంచిలో పెట్టేసుకుంది. ఏ వైపు నుంచి తోసినా ఆ గోడ కదిలేది కాదు. అయిదేళ్ళుగా ఆమె ఫోటోలు తీసి కోర్టులకు ఇస్తూ వచ్చింది. ఆ ఫోటోలతో ఎందరు ఆడవాళ్ళకు భరణం తెగిపోయిందో ఆమె ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. ఈ పెద్దాయన్ని తప్పుపట్టడానికి తన దగ్గర మాత్రం ఏముంది?

నాలుగయింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. పక్కన లిఖిత నిలబడి ఉంది. ఎందుకు నిలబెట్టారో తెలియక పళ్ళెం వైపు చూస్తోంది. రమణిని పిలిచారు. ఆమె ముందుకు వచ్చింది. చెయ్యి ఎత్తబోయి మళ్ళీ కొంగులో దాచుకుంది. జనం గుసగుసలాడారు.

"అయిపోయినట్టేనా?" అన్నాడు జనార్దనయ్య.

"తప్పుకోండి."

గుంపును చీల్చుకుంటూ మస్తానమ్మ వచ్చింది. గట్టు మీద నుంచి వచ్చినట్టే వచ్చింది, కాళ్ళ నిండా దుమ్ము. నేరుగా మనవరాలి దగ్గరికి వెళ్ళి ఎడమ చెయ్యి దాని నెత్తిన పెట్టింది.

"సచ్చినోడి తల్లిని. కోడలు తప్పు చేసుంటే ముందు గొంతు పిసికేది నేను. అవునా కాదా?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తలలూపారు.

"ఆదివారం రేత్తిరి నా కోడలు నా పక్కలో పడుకోనుండాది. తెల్లారేదాకా లెయ్యలా. పరాయి మగాణ్ణి ఎరగదు. దాని నడతకు నేను పూచీ. ఇది అబద్ధమైతే ఈ బిడ్డ నాకు దక్కదు."

కుడి అరచేయి కర్పూరం మీద బోర్లించింది. మంట ఆరిపోయింది. ఆమె చెయ్యి వెంటనే తియ్యలేదు.

జనార్దనయ్య లేచి నిలబడ్డాడు. "తల్లి చెప్పినాక ఇంకేముండాది? బిడ్డ తల్లి కాడే ఉంటాది. ఆ నాగేంద్రబాబు నోటికొచ్చింది కూసినాడు." గుంపులో ఆడవాళ్ళు రమణి చుట్టూ చేరారు. అయిదు రోజులుగా ఆమె మొహం చూడనివాళ్ళు ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నారు.

ప్రమీలారాణి మాత్రం గోడ వైపు తప్పుకుంది. బిడ్డ దక్కింది. సాక్షి పోయాడు. ఇప్పుడు రాఘవ నోరు విప్పి 'రమణి నా లారీలో ఉండాది' అంటే ముసలామె చేసింది దొంగ ప్రమాణం అవుతుంది.

భుజం పక్కన కోటేశ్వర్ గొంతు వినపడింది. "ముసలామె అబద్ధం చెప్పినాది మేడం. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఊళ్ళో ఇంత మంది ఆడోళ్ళుండంగా బాబు ఆమె పేరే ఎందుకు చెప్పినాడనుకున్నారు? ఆమె లారీ దిగడం కళ్ళారా చూసినాడు. కాదని ఆమె ప్రమాణం చెయ్యలేకపోతాదని ఆయనకు తెలుసు." వాడు గొంతు ఇంకా తగ్గించాడు. "ఇంక మీరు శవాన్ని తవ్వించమని అర్జీ పెట్టిస్తారు. ఎముకలు విరిగుంటే మందు కథ నిలబడదు. అందుకే ముందే చెప్తున్నా. అర్జీ పడిన దినమే రాఘవను తెచ్చి ఇదే వసారాలో నిలబెడతా. జీపు మాట చెప్పడు. లారీ మాట ఒక్కటే చెప్తాడు. వాణ్ణి నిన్ననే నెల్లూరు తెచ్చి మా కాడ పెట్టుకున్నాము."

ఆమె తేరుకునేసరికి వాడు బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

*

మస్తానమ్మ ఇంటి ముందు గొర్రెల్ని దొడ్లోకి తోలుతోంది. కుడి అరచేయి బొబ్బలెక్కి ఉంది. ఎడమ చేత్తోనే కర్ర పట్టుకుంది.

ప్రమీలారాణి ఉన్నదంతా చెప్పేసింది. నిమ్మకంప, పగిలిన లైటు, నెల్లూరులో రాఘవ, కోటేశ్వర్ బెదిరింపు. చెబుతూ చెబుతూ ఉండబట్టలేక అరిచేసింది. "ఎందుకు చేశావమ్మా ఆ ప్రమాణం? నన్ను ఒక్క మాట అడిగి ఉంటే! నీ కోడలు ఆ రాత్రి ఎక్కడుందో నీకు అప్పటికి తెలియదు."

ముసలామె కర్ర ఆపింది. "నా కొడుకెట్టా సచ్చినాడో కనుక్కోమని నీకు చెప్పినా తల్లీ. నా కోడలు యాడ పడుకున్నాదో కనుక్కోమని చెప్పినానా?"

ప్రమీలారాణి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. "నీకు తెలుసా?"

"ఒకే కొంపలో ఉండేదాన్ని, నాకు తెలీదా? వాడికీ తెలుసు."

"ఎవరికి?"

"నా కొడుక్కి. పోయిన చలికాలం నుంచీ తెలుసు. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చినాడు. నరుకుదామంటే, వద్దన్నాడు. తగాదా పడదామంటే, బిడ్డ చిన్నదమ్మా, ఊరుకుందాం అన్నాడు. మంద కాడ పడుకునేది అందుకే తల్లీ, ఇంటికి రాలేక. అంత తెలిసినోడు ఆ రేత్తిరి కొత్తగా చూసి మందు తాగినాడంట!"

ప్రమీలారాణి నెత్తిన చేతులు పెట్టుకుంది. ఇంతకు మించిన సాక్ష్యం ఏ కోర్టులోనూ ఉండదు. ముందే తెలిసినవాడికి చావాల్సిన కారణమే లేదు. కానీ ఆ మాట బయట పెట్టాలంటే రమణి తప్పు బయట పెట్టాలి, ఈ ముసలామె కాలిన చేతిని అబద్ధం చెయ్యాలి, బిడ్డను కొండాపురం పంపెయ్యాలి. ఏం చెయ్యమంటావని ఎవరి కాళ్ళు పట్టుకుని అడగాలో ఆమెకు తెలియలేదు.

"సోమవారం పొద్దున్నే తాసిల్దారు కాడికి పోదాం," అంది మస్తానమ్మ. "నా కొడుకును తవ్వమని నేనే చెప్తా. ఆ లారీవోణ్ణి తెచ్చుకోనీ. వాడి మాట పెద్దో, నా ప్రమాణం పెద్దో ఊరే తేల్చుకుంటాది. బిడ్డను మటుకు నేను ఇయ్యను."

ప్రమీలారాణి జవాబు చెప్పబోతూ ముసలామె భుజం మీదుగా ఇంటి వైపు చూసింది. కాలిన చేతికి రాయడానికి గిన్నెలో వెన్న తెచ్చి, రమణి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"అత్తా," అంది. "ఆయనకు తెలుసా?"

మస్తానమ్మ తల తిప్పలేదు. దొడ్డి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

"తెలుసు," అంది.